పిల్లికి వైద్యు డెప్పు డవసరము?



"పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము" అను సామెత నెఱుగనివారు మనలో లేరు. కాని ఆ పిల్లికే ప్రాణసంకటము వచ్చినపుడు గుర్తించువారు మాత్రము అరుదు. ఏలయన, పిల్లి తన బాధను దాచుకొను జంతువు. జబ్బుపడినచో మన యొద్దకు వచ్చి మూలుగదు. మంచము క్రిందనో, బియ్యపుబస్తాల చాటుననో ముడుచుకొని పడియుండును. కావున దాని నిత్యపు నడవడి నెఱిగిన గృహిణియే దాని వ్యాధిని మొదట కనిపెట్టవలసినది.

ప్రతి చిన్నమార్పునకును వైద్యునికడకు పరుగెత్త నక్కఱలేదు. వెండ్రుకల ఉండ నొకసారి కక్కి, వెంటనే అన్నమునకై కాళ్ళను రాచుకొను పిల్లినిగూర్చి భయపడవలదు. ఒకపూట తిండి తగ్గినను హుషారుగా నున్నచో మఱునాటివఱకు చూడవచ్చును. కాని ఒక దినమంతయు ఏమియు ముట్టనిచో ఉపేక్షింపరాదు. "లంఖణము పరమౌషధము" అను మాట పిల్లికి చెల్లదు. కొన్ని దినములు పస్తున్నచో, అందునను బలిసిన పిల్లికి, దేహమునందలి క్రొవ్వు కాలేయమును చేరి దానిని చెఱచును.

మగపిల్లి మాటిమాటికి మూత్రమునకు కూర్చుండి, అఱచుచు, చుక్కయైనను విడువలేకున్నచో, మలబద్ధమని తలచి ఆముదము పట్టరాదు. మూత్రనాళము మూసికొనిపోయినచో మలినములు రక్తమున నిలిచి, ఒకటి రెండు దినములలోనే ప్రాణము పోవచ్చును. అర్ధరాత్రమైనను వైద్యుని వెదకవలసినదే.

నిదురించు పిల్లి రొమ్ము ఎగసిపడుటను గడియారము చూచుచు లెక్కింపుడు. నిమిషమునకు 30 సార్లు దాటి, మరల లెక్కించినను అట్లే యున్నచో నాడే చూపవలెను. నోరు తెఱచి రొప్పుచున్నను, చిగుళ్ళు తెల్లబడినను, నీలివర్ణము దాల్చినను, వెనుకకాళ్ళు హఠాత్తుగా పడిపోయినను, ఆ క్షణమే బయలుదేరవలెను. పసికూనలకు వాంతులును విరేచనములును కలిసి వచ్చినచో కొన్ని గంటలలోనే దేహమున నీరు తగ్గి చేయిదాటిపోవును.

మన యిండ్లలోనే పొంచియున్న అపాయములు రెండు. పూలు కట్టు దారమును మ్రింగిన పిల్లికి కొస వెలుపల వ్రేలాడుచున్నచో లాగరాదు. లోపల ప్రేగులు తెగును. జ్వరమని తలచి పారాసిటమాల్ మాత్ర చిన్నముక్కయైనను వేయరాదు. దానిని హరించుకొను శక్తి పిల్లి కాలేయమునకు చాలదు. రక్తము ప్రాణవాయువును మోయలేనిదగును. బిడ్డకు మేలుచేయు మందే పిల్లికి విషము.

"పిల్లికి కూడ వైద్యమా?" యని ఇంటిలోనివారు నవ్వవచ్చును. వారితో వాదింపవలదని మా సలహా. అది ఎప్పటినుండి తినలేదో, ఎన్నిసార్లు కక్కినదో, కడపట మూత్రము పోసినది ఎప్పుడో, ఊపిరి నిమిషమునకు ఎన్నిసార్లో ఒక కాగితముపై వ్రాసి చూపుడు. నవ్వినవారికి ఆ లెక్కయే సమాధానము. పిమ్మట మూతగల బుట్టలో మెత్తని గుడ్డ పఱచి, పిల్లిని కూర్చుండబెట్టి, ఆ కాగితముతో కూడ పశువైద్యశాలకు కొనిపొండు. నోరులేని జీవి చెప్పుకొనలేని మాటలను వైద్యునికి చెప్పునది ఆ కాగితమే.