చేరడం సులువే, నిలబడడమే సేవ

ఇంటి పెద్ద చనిపోతే ఆ ఇల్లు వీధిన పడేది. 19వ శతాబ్దపు అమెరికాలో, కూలికి వలస వచ్చిన ఎందరో క్యాథలిక్కుల గతి అది. మైఖేల్ మెక్‌గివ్నీకి ఆ బాధ తెలుసు. 1873లో తండ్రి చనిపోయినపుడు ఆయన గురువిద్య మధ్యలో ఆపి ఇంటికి రావలసి వచ్చింది. తర్వాత గురువైన ఆయన 1882లో కనెక్టికట్‌లోని న్యూ హేవెన్‌లో, సెయింట్ మేరీ దేవాలయంలో కొద్దిమంది పురుషులను కూడగట్టి ‘నైట్స్ ఆఫ్ కొలంబస్’ను స్థాపించాడు. ఒకరు కన్నుమూస్తే మిగతావారు అతని భార్యాబిడ్డలను ఆదుకోవాలి. అదే వారి ఒప్పందం. 38 ఏళ్లకే ప్రభువును చేరిన ఆ గురువును 2020లో శ్రీసభ ధన్యుడిగా ప్రకటించింది.

విశ్వాసాన్ని ఆచరించే, 18 ఏళ్లు నిండిన క్యాథలిక్ పురుషులెవరైనా ఇందులో చేరవచ్చు. దరఖాస్తు నింపడానికి ఎంతోసేపు పట్టదు. అయితే ఎందుకు చేరుతున్నాం? బ్యాడ్జి కోసమా? పరిచయాల కోసమా? బీమా కోసమా? బీమా తప్పు కాదు, ఈ సంఘం మొదలైందే దానితో. కాని ‘నా ఇంటికి ఏమొస్తుంది?’ అన్న లెక్కతో చేరినవాడు సభ్యుడవుతాడు కాని సహోదరుడు కాడు.

నిజమైన భక్తిని కొలవడానికి యాకోబు చూపింది దిక్కులేని పిల్లలనూ, భర్తను కోల్పోయిన స్త్రీలనూ (యాకోబు 1:27). అంత్యక్రియల రోజు అందరూ వస్తారు. నెల తిరిగాక ఆ గుమ్మం తొక్కేదెవరు? ‘నేను వెళ్తాను’ అనగలిగినవాడు సంతకం చేయాలి. అనలేనివాడు ముందు మోకరించి ప్రార్థించాలి.