డాంగిల్ పాడైతే కొన్న సాఫ్ట్‌వేర్ ఆగిపోవడంపై వినతిపత్రం

చీఫ్ కమిషనర్ గారికి,
కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, న్యూఢిల్లీ.

ఆర్యా,

మేము తెలుగు రాష్ట్రాల్లో డీటీపీ సెంటర్లు నడుపుకొంటున్నవాళ్లం. పెళ్లిపత్రికలు, పుస్తకాలు, ప్రశ్నపత్రాలు మా చేతుల మీదుగానే ప్రెస్సుకు వెళ్తాయి. తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌ను డబ్బు కట్టి, బిల్లు తీసుకుని కొన్నాం. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొన్నాం కాబట్టి 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మేమూ వినియోగదారులమే.

ఆ సాఫ్ట్‌వేర్ నడవాలంటే దానితో ఇచ్చిన డాంగిల్ అనే చిన్న పరికరం కంప్యూటర్‌కు పెట్టి ఉండాలి. మేం దాన్ని లాక్ అంటాం. మొదట్లో అది ప్రింటర్ పోర్టుకు తగిలించేది. ఇప్పటి కంప్యూటర్లకు ఆ పోర్టే లేదు. తర్వాత వచ్చిన యూఎస్‌బీ లాక్ విండోస్ మారితే కొత్త డ్రైవర్ అడుగుతుంది. చెయ్యి తగిలి విరిగితే తయారీదారులు సాఫ్ట్‌వేర్ మొత్తం మళ్లీ కొనమంటున్నారు. మా పాత ఫైళ్లు యూనికోడ్‌లో లేవు, ఆ సాఫ్ట్‌వేర్ సొంత ఫాంట్లలో ఉన్నాయి. తెల్లారేసరికి అచ్చు కావాల్సిన పత్రికలో ముహూర్తం వేళ ఒక్కటి దిద్దాలన్నా లాక్ పనిచేయాలి. క్రాక్ కాపీ వాడేవారికి ఈ తిప్పలేవీ లేవు. దొంగకాపీలను అడ్డుకునే హక్కు తయారీదారుకు ఉంది. ఆ భారం కొన్నవారి మీద పడటమే మా అభ్యంతరం.

నష్టం జరగకుండా బ్యాకప్ కాపీ ఉంచుకునే హక్కును కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(ఎఎ) మాకిచ్చింది. డాంగిల్ లేనిదే ఆ కాపీ తెరుచుకోదు. పాడైపోయి, వాడుకలోంచి పోయిన డాంగిల్స్ విషయంలో లాక్‌ను దాటకూడదన్న నిషేధం నుంచి అమెరికా 2003లోనే మినహాయింపు ఇచ్చింది.

కనుక మా కోర్కెలు ఇవి:

మొదటిది, పాడైన డాంగిల్‌ను, బిల్లును చూపినవారికి వారం రోజుల్లో మరొకటి ఇవ్వాలి. దానికి డాంగిల్ ఖర్చు మాత్రమే తీసుకోవాలి. సాఫ్ట్‌వేర్ ధర ఒకసారి చెల్లించాం, రెండోసారి అడగడం అన్యాయం. కొత్తది వచ్చేదాకా పని సాగేలా తాత్కాలిక కోడ్ ఇవ్వాలి.

రెండోది, లాక్ ఉందని, ఏయే విండోస్‌లపై నడుస్తుందో, సపోర్టు ఎంతకాలమో అమ్మకానికి ముందే రాతపూర్వకంగా చెప్పాలి.

మూడోది, కంపెనీ మూతపడినా, సపోర్టు ఆపేసినా, లాక్ అవసరం లేని కాపీ కొన్నవారందరికీ అందాలి. మాకు ఇదే అన్నిటికంటే ముఖ్యం: మా పాత ఫైళ్లలో రచయితల జీవితకాలపు పుస్తకాలున్నాయి.

ఈ మేరకు మార్గదర్శకాలు జారీ చేసే అధికారం తమకు చట్టమే ఇచ్చింది. విచారణకు పిలిస్తే బిల్లులు, పనిచేయని డాంగిల్స్ వెంట తెచ్చుకుని హాజరవుతాం.

ఇట్లు,
డీటీపీ సెంటర్ల నిర్వాహకులు, ఆపరేటర్లు