డిక్కీ మొరాయిస్తే గడ్డపార పట్టొద్దు

తాతగారు వాడిన అంబాసిడర్‌ని బాగు చేయించాలనో, మంచి ధరకు అమ్ముకోవాలనో ఇంట్లోవాళ్లకు ఏదో ఒకనాటికి అనిపిస్తుంది. షెడ్డులో ఏళ్లతరబడి కప్పి ఉన్న టార్పాలిన్ తీస్తారు. టైర్లకు గాలి కొట్టిస్తారు, కొత్త బ్యాటరీ తెస్తారు. బానెట్ లేస్తుంది. తలుపులు కిర్రుమన్నా తెరుచుకుంటాయి. డిక్కీ దగ్గరికొచ్చేసరికి వ్యవహారం అడ్డం తిరుగుతుంది. తాళంచెవి దూరదు, దూరితే తిరగదు, తిరిగితే మూత లేవదు. కాసేపు గుంజులాడాక ఎవరో ఒకరు పొడుగాటి స్క్రూడ్రైవర్ పట్టుకొస్తారు. దానికీ లొంగకపోతే గడ్డపార వస్తుంది.

అడ్డుకోవలసింది అక్కడే. పాత కారు డిక్కీ తెరవడం ఓపికతో, తెలివితో చేయాల్సిన పని. బలం చూపితే మూత తెరుచుకోవచ్చు కానీ, దాని అంచు వంగుతుంది, పెయింట్ లేచిపోతుంది, లేచినచోట తుప్పు మొదలవుతుంది. వంగిన మూత మళ్లీ సరిగ్గా కూర్చోదు. ఆ సందులోంచి వాన నీళ్లు దిగి డిక్కీ అడుగు రేకును తినేస్తాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది మరీ త్వరగా జరుగుతుంది.

పోనీ, కొత్త మూత కొందామా అంటే ఎక్కడ దొరుకుతుంది? పశ్చిమ బెంగాల్లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ల తయారీ 2014 మేలో ఆగిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకన్నా చాలాముందే వెళ్లిపోయింది. పాత సామాన్ల దుకాణంలో మరో బండి మూత దొరికినా, ఈ బండికి గీత తప్పకుండా అమరుతుందన్న భరోసా లేదు. టింకరింగ్, పెయింటింగ్ కలిపితే ఖర్చు తడిసి మోపెడవుతుంది. పైగా 50 ఏళ్లు దాటిన సొంత వాహనాలను వింటేజ్‌గా రిజిస్టర్ చేసుకునే వీలు కల్పిస్తూ కేంద్రం 2021 జులైలో నిబంధనలు తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయల రుసుము, నంబరు ప్లేటు మీద ‘వీఏ’ అక్షరాలు. బండి అసలు రూపంలోనే ఉండాలి, పెద్ద మార్పులేవీ జరిగి ఉండకూడదు అన్నది అందులో ముఖ్యమైన షరతు. అలాంటి బండిమీద గడ్డపార పెట్టేముందు ఒక్క క్షణం ఆగాలి.

ఆగి, ముందు జబ్బేమిటో తేల్చుకోవాలి. చెవి దూరకపోయినా, దూరి తిరగకపోయినా లోపం తాళంలో ఉంది. లోపలి చిన్న చిన్న పలకలు దుమ్ముతో, తుప్పుతో బిగుసుకుపోయాయన్నమాట. చెవి వదులుగా గిరగిరా తిరుగుతూ ఏ చప్పుడూ రాకపోతే, తాళానికీ కొక్కేనికీ మధ్య ఉండే నాలుక జారిపోయిందనో విరిగిందనో అర్థం. ఇక మూడోది ఉంది. చెవి తిరుగుతుంది, టక్కున చప్పుడూ వినిపిస్తుంది, అయినా మూత కదలదు. ఇక్కడ తాళం తప్పేమీ లేదు. చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ ఎండలకు మెత్తబడి, ఆరి, మళ్లీ మెత్తబడి పెయింట్‌ను గట్టిగా కరచుకుపోయింది. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. తేడా తెలియనివాళ్లు అన్నిటికీ ఒకే స్క్రూడ్రైవర్ వాడతారు.

తాళం బిగుసుకుంటే తుప్పు వదలగొట్టే నూనె కొద్దిగా చిమ్మి, రాత్రంతా వదిలేయాలి. పొద్దున చెవిని మెల్లగా అటూ ఇటూ ఆడించాలి. కటింగ్ ప్లయర్‌తో పట్టి తిప్పితే చెవి తాళంలోనే విరుగుతుంది, అప్పుడు ఒక బాధకు రెండవుతాయి. తాళం కదిలాక దానికి గ్రాఫైట్ పొడి మంచిది. చిక్కటి నూనె పోస్తే దుమ్మును పట్టి కొన్నాళ్లకే మళ్లీ బిగుసుకుంటుంది. చెవి సంగతీ చూసుకోవాలి. అరిగిన చెవికి నకలు కొట్టిస్తే ఆ అరుగుదల కూడా నకలవుతుంది. పాత చెవుల మీదో, తాళం మీదో ముద్రించిన నంబరు ఉంటే, దాని ప్రకారం కొత్త చెవి కోసిచ్చే పనివాళ్లు పెద్ద ఊళ్లలో ఇంకా ఉన్నారు.

చాలామందికి తెలియని ఉపాయం ఒకటుంది. మూతను పైకి లాగుతూ చెవి తిప్పడం అందరూ చేసే పని. చేయాల్సింది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఒకరు మూతను అరచేతులతో కిందికి నొక్కిపట్టాలి, రెండోవారు చెవి తిప్పాలి. బీడింగ్ మూతను పైకి తోస్తుంటుంది కాబట్టి కొక్కెం తన పట్టుమీద బిగుసుకుని ఉంటుంది. నొక్కితే ఆ బిగువు సడలుతుంది. వానాకాలంలో ఉబ్బిన కొయ్య తలుపును ఇవతలికి లాగిపట్టి గడియ తీసినట్టే ఇది. నమ్మశక్యంగా ఉండదు కానీ, మొండికేసిన డిక్కీలు చాలానే ఇంతమాత్రానికే తెరుచుకుంటాయి.

బీడింగ్ అంటుకున్నప్పుడు అంచు చుట్టూ గోరువెచ్చని నీళ్లు పోసి, పల్చటి ప్లాస్టిక్ కార్డునో, నైలాన్ దారాన్నో సందులో దూర్చి మెల్లగా జరుపుకుంటూ పోవాలి. మరిగే నీళ్లు పనికిరావు, పాత పెయింట్ తట్టుకోలేదు.

ఇవేవీ పనిచేయకపోయినా, తాళం నాలుక జారినా విరిగినా వెనకసీటు దారి పట్టాలి. చాలా పాత కార్లలో సీటు, వీపు ఆనుకునే భాగం కొన్ని బోల్టులతోనో క్లిప్పులతోనో నిలబడి ఉంటాయి. వాటిని తీస్తే కొన్నిటిలో అట్ట, కొన్నిటిలో రేకు అడ్డం ఉంటుంది. అట్ట అయితే అదృష్టమే. సందులోంచి టార్చి వేసి, మొబైల్ కెమెరాను లోపలికి పంపి వీడియో తీస్తే కొక్కెం ఎటు తిరగాలో కనిపిస్తుంది. పొడవాటి స్క్రూడ్రైవర్‌కు అసలైన పని అప్పుడు దొరుకుతుంది.

డ్రిల్లింగ్ మిషన్ ఆఖరి మాట. అదీ లోపల ఏముందో తెలిశాకే. 1959లో బ్రిటన్‌లో వచ్చిన మినీ కారులో పెట్రోలు ట్యాంకు డిక్కీలోనే ఒక పక్కన ఉంటుంది, బ్యాటరీ డిక్కీ అడుగున ఉంటుంది. ఫోక్స్‌వాగన్ బీటిల్‌కు ఇంజన్ వెనక, సామాన్ల అర ముందు. పెట్రోలు ట్యాంకు కూడా ఆ ముందు భాగంలోనే. తెలియక రంధ్రం పెడితే ఒక్క నిప్పురవ్వ చాలు. బీటిల్ ముందు మూత కేబుల్‌తో తెరుచుకుంటుంది. అది పిడి దగ్గరే తెగితే మిగిలిన కొసను ప్లయర్‌తో పట్టి లాగడమే మందు, డ్రిల్లుతో పనే లేదు. 1970ల నాటి మెర్సిడెస్ డబ్ల్యూ123లో సెంట్రల్ లాకింగ్ ఉంటే అది కరెంటు మోటార్లతో కాక, ఇంజన్ నుంచి వచ్చే వాక్యూమ్‌తో నడుస్తుంది. గొట్టం ఎక్కడో పగిలి గాలి పీలుస్తుంటే, దాని సంగతి తెలియని మెకానిక్ వైర్లు వెతుక్కుంటూ కూర్చుంటాడు.

మూత లేచిందని సంబరపడి వెంటనే మూసేయడం ఇంకో పొరపాటు. మూత ఎత్తి ఉండగానే కొక్కేన్ని స్క్రూడ్రైవర్‌తో మూసి, చెవితో తెరుచుకుంటుందో లేదో చూడాలి. పదిసార్లు తెరుచుకున్నాకే మూతను దించాలి. అలాగే కొక్కేనికి సన్నటి తీగ కట్టి, దాని కొస డిక్కీ లోపల చేతికి అందేలా పెట్టించడం అత్యవసరం. పాత కార్ల డిక్కీని లోపలినుంచి తెరిచే ఏర్పాటు ఉండదు. దాగుడుమూతలాడే పిల్లలకు అది ఎంత ప్రమాదమో అమెరికా చేదు అనుభవంతో తెలుసుకుంది. 1998 వేసవిలో అక్కడ మూడు ఘటనల్లో పదకొండు మంది పిల్లలు కారు డిక్కీల్లో చిక్కుకుని చనిపోయారు. అందుకే 2001 సెప్టెంబరు నుంచి అక్కడ డిక్కీ ఉన్న ప్రతి కొత్త కారుకూ లోపలినుంచి తెరిచే పిడి తప్పనిసరి చేశారు. చీకట్లోనూ కనపడే పిడి అది. మన షెడ్డుల్లో నిలబడ్డ అంబాసిడర్లకు, పద్మినిలకు ఆ రక్షణ లేదు. తీగ కట్టిస్తే బండి అసలు రూపానికి వచ్చే లోటేమీ లేదు.

ఈ పనులన్నీ చేతుల్లో ఉన్నవాళ్లు విజయవాడ ఆటోనగర్‌లో, హైదరాబాద్ పాత షెడ్లలో ఇంకా ఉన్నారు. వయసు మీద పడుతున్న మేస్త్రీలు వాళ్లు. చప్పుడు వినే రోగం చెప్పగలరు. అయితే పూటంతా కూర్చుని ఒక్క గీత పడకుండా డిక్కీ తెరిచిన మనిషితో, మూత తెరవడానికి ఇంతా అని బేరమాడటం మనవాళ్లకు అలవాటు. గీత పడనందుకే ఆ డబ్బు. బేరం భయంతోనే కుర్ర మెకానిక్ గడ్డపార అందుకుంటున్నాడు, ఎందుకంటే దానికి అయిదు నిమిషాలే పడుతుంది.

ఐటీఐల్లో మోటారు వాహనాల మెకానిక్ ట్రేడ్ చదివే పిల్లలకు ఈ మేస్త్రీలతో కొన్ని వారాలైనా పాఠాలు చెప్పించాలి. అందుకు కావలసిన సరుకు ఖరీదైనదేమీ కాదు. 2021లో వచ్చిన స్క్రాపేజ్ విధానం కింద నడుస్తున్న కేంద్రాలకు చేరే పాత బళ్లను నలగగొట్టేముందు తాళాలు, కొక్కేలు, కీళ్లు, పనికొచ్చే డిక్కీ మూతలు విప్పి పక్కన పెట్టాలి. కొన్ని ఐటీఐలకు ఇచ్చి, మిగతావి పాత కార్ల యజమానులకు అమ్మవచ్చు. తూకం లెక్కన ఇనుముగా వచ్చే డబ్బు కంటే వాటికి ఎక్కువే వస్తుంది.