జ్వరం వస్తే తెల్లవారే దాకా ఆగవద్దు

కీమోథెరపీ తీసుకుని ఇంటికి వచ్చి తొమ్మిది రోజులయింది. రాత్రి పదకొండు గంటల వేళ అత్తగారికి ఒళ్లు వెచ్చబడింది. కోడలు థర్మామీటరు పెట్టి చూస్తే 101 డిగ్రీలు. “ఈ వేళప్పుడు డాక్టరుగారిని ఇబ్బంది పెట్టడమెందుకు? ఒక మాత్ర వేసుకుంటే తగ్గిపోతుంది. పొద్దున్నే చూద్దాం” అంటారామె. మామూలు రోజుల్లో ఈ మాటలో తప్పేమీ లేదు. కీమోథెరపీ రోజుల్లో మాత్రం అది ప్రాణం మీదికి తేగలదు.

క్యాన్సర్ కణాలను చంపే మందు ఎముకల మూలుగను కూడా దెబ్బతీస్తుంది. రోగక్రిములతో పోరాడే తెల్లరక్తకణాలు తయారయ్యేది అక్కడే. అనేక మందుల విషయంలో, ఎక్కించిన ఏడవ రోజు నుండి పద్నాలుగవ రోజు లోపు ఈ కణాల సంఖ్య బాగా పడిపోతుంది. పుండు ఎర్రబడటం, చీము పట్టడం ఆ కణాలు పోరాడుతున్నాయనడానికి గుర్తులు. పోరాడే కణాలే లేనప్పుడు ఆ గుర్తులూ సరిగా కనిపించవు. తరచుగా జ్వరం ఒక్కటే బయటపడుతుంది. కొద్ది గంటల్లోనే క్రిములు రక్తంలో వ్యాపించి, రక్తపోటు పడిపోయే ప్రమాదం ఉంది. అందుకే 100.4 డిగ్రీలు, అనగా 38 సెల్సియస్, దాటితే ఏ వేళయినా సరే వెంటనే ఫోను చేయాలి. డాక్టరును అడగకుండా పారాసిటమాల్ వేయకూడదు; అది జ్వరాన్ని కప్పిపుచ్చుతుందే గాని క్రిములను చంపదు. స్టెరాయిడ్లు వాడుతున్నవారికి జ్వరం రాకపోవచ్చు కూడా. వారికి వణుకు పుట్టినా, మత్తుగా పడి ఉన్నా అదే హెచ్చరిక.

ఊళ్లో ఆర్.ఎం.పి. చేత ఒక సూది వేయించే అలవాటు మనలో చాలామందికి ఉంది. రక్తం గడ్డకట్టించే కణాలు కూడా తగ్గి ఉన్నప్పుడు, కండలోకి వేసిన ఆ సూది వద్ద లోపల రక్తస్రావం కావచ్చు. అంతకంటే పెద్ద నష్టం, విలువైన సమయం చేజారిపోవడం.

ఊపిరి అందకపోవడం, ఆగని రక్తస్రావం, మంచినీళ్లు కూడా నిలువని వాంతులు, ఒక కాలు మాత్రమే వాయడం, వీపు నొప్పితోపాటు కాళ్లు పట్టు తప్పడం కూడా తెల్లవారే దాకా ఆగరానివే. మందు ఎక్కుతున్నప్పుడు సూది చోట మంటగా ఉంటే, సీసా అయిపోయేదాకా ఓర్చుకోకుండా అప్పుడే నర్సుకు చెప్పాలి.

ఓర్పు ఎక్కువయినవారితోనే చిక్కు. ముఖ్యంగా మన ఇళ్లలోని పెద్ద స్త్రీలు పిల్లల నిద్ర చెడుతుందని బాధను దాచుకుంటారు. కనుక వారు చెప్పేదాకా ఎదురుచూడక, ఇంట్లోవారే చేయి పట్టి చూడాలి, థర్మామీటరు పెట్టాలి.

ఆసుపత్రి నుండి బయలుదేరే ముందే రాత్రిపూట ఎవరికి ఫోను చేయాలో అడిగి, ఆ నంబరు ఫైలు అట్టపై పెద్ద అక్షరాలతో రాయించుకోండి. ఫోను ఎత్తకపోతే ఆగక అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి; బండి లేకపోతే 108 ఉంది. అక్కడ మొట్టమొదట చెప్పవలసిన మాట: “కీమో రోగి, ఫలానా తేదీన మందు ఎక్కించారు, జ్వరం ఇంత ఉంది.” ఈ మాట చెప్పకపోతే మామూలు జ్వరమనుకుని వరుసలో కూర్చోబెడతారు.