వేవిళ్ళు తగ్గించినది ఏది?

పెద్దపంజాణి వైపు ఇళ్ళలో కోడలికి వేవిళ్ళు మొదలైతే అత్తగారు అల్లం రసం ఇస్తారు, పొరుగింటి ఖాలా నిమ్మకాయ వాసన చూడమంటారు. మూడు వారాలకు వాంతులు తగ్గితే ఘనత చివరగా ఇచ్చినదానికే దక్కుతుంది. అయితే చాలామంది గర్భిణులకు 16 నుంచి 20 వారాలలోగా వేవిళ్ళు వాటంతట అవే తగ్గుతాయి. కనుక ఒక ఇంటి అనుభవం రుజువు కాజాలదు. మందు పుచ్చుకున్నవారిని పుచ్చుకోనివారితో పోల్చి చూడాలి. అల్లాన్ని అలాగే పరీక్షించారు. వికారం కొంత తగ్గింది గాని, వాంతుల విషయం అంత స్పష్టంగా తేలలేదు.

మాత్రలన్నీ గర్భానికి విషమనడం కూడా ఆధారం లేని మాటే. థాలిడోమైడ్ విషాదం నిజం. 1961లో దానిని జర్మనీలో ఉపసంహరించారు. కాని డాక్సిలమిన్, బి6 విటమిన్ కలిపిన మాత్ర 1983లో అమెరికా విపణి నుంచి తొలగినది వ్యాజ్యాల ఒత్తిడి వల్ల. శిశువుకు లోపాలు కలుగుతాయన్న ఆరోపణను పరిశోధనలు బలపరచలేదు. 2013లో అక్కడ తిరిగి అనుమతి లభించింది. వైద్యులు రాసిస్తే ఆ మాత్రకు జంకనక్కరలేదు.

గుక్కెడు నీళ్ళు కూడా కడుపులో నిలవక, మూత్రం తగ్గి, కళ్ళు తిరుగుతుంటే మాత్రం చిట్కాలతో కాలయాపన చేయరాదు. ఆ రోజే పలమనేరుకో పుంగనూరుకో, దగ్గరి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. రమజాన్ మాసమైనా సరే. తనకో బిడ్డకో హాని కలుగుతుందని భయపడే గర్భిణికి ఉపవాసాన్ని వాయిదా వేసుకునే వెసులుబాటు షరీఅత్‌లో ఉన్నదే.