ఆట రూపాన్నే మార్చిన కాలేజీ స్టేడియం

కాలేజీ మైదానం ఎవరిది? ఆడే విద్యార్థులదా, చూసే జనానిదా, డబ్బు పెట్టే వారిదా? అమెరికాలో ఈ తగవు కోర్టుకెక్కింది. కళాశాలలు తమ క్రీడాకారులకు నేరుగా డబ్బు చెల్లించవచ్చునంటూ కుదిరిన ఒప్పందాన్ని 2025 జూన్‌లో అక్కడి ఫెడరల్ కోర్టు ఆమోదించింది. మొదటి ఏడాదికి ఒక్కొక్క సంస్థకు పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు! అయితే హార్వర్డ్ సహా 8 విశ్వవిద్యాలయాల కూటమి 'ఐవీ లీగ్' ఇందులో చేరబోమని ముందుగానే తేల్చి చెప్పింది. ఆటలో ప్రతిభ చూసి స్కాలర్‌షిప్పులు ఇచ్చే అలవాటు కూడా ఈ కూటమికి లేదు.

ఈ సందర్భంగా హార్వర్డ్ స్టేడియం చరిత్రను గుర్తు చేసుకోవడం అవసరం. బోస్టన్ నగరంలో చార్లెస్ నది ఒడ్డున గుర్రపు లాడం ఆకారంలో ఉన్న ఈ కట్టడం 1903లో వెలిసింది. అంత పెద్ద కట్టడాన్ని ఇనుప చువ్వల కాంక్రీటుతో నిర్మించడం ఆ రోజుల్లో సాహసమే. ఖర్చు 3 లక్షల డాలర్లు దాటింది. అందులో లక్ష డాలర్లు 1879లో చదువు ముగించిన పూర్వ విద్యార్థుల విరాళం. పనులు పూర్తి కాకుండానే ఆ ఏడాది నవంబరు 14న తొలి ఆట ఆడారు. సొంత మైదానంలోనే హార్వర్డ్ 11-0తో డార్ట్‌మత్ చేతిలో ఓడింది.

గోడలు అడ్డొచ్చాయి

అమెరికన్ ఫుట్‌బాల్ మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకన పెట్టుకుని ఎదుటి వారిని తోసుకుంటూ పోయే ఆట. ఆ రోజుల్లో అంతా గుంపుగా మీదపడి కుమ్ముకోవడమే. 1905 సీజనులో ఈ ఆట వల్ల సుమారు 18 మంది మరణించినట్లు అప్పటి పత్రికలు లెక్క కట్టాయి. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను వైట్‌హౌస్‌కు పిలిపించి ఆటను చక్కదిద్దండని చెప్పవలసి వచ్చింది.

మైదానాన్ని మరో 40 అడుగులు వెడల్పు చేస్తే ఆటగాళ్లు చెదిరి, తొక్కిసలాట తగ్గుతుందని వాల్టర్ క్యాంప్ సూచించాడు. సూచన బాగానే ఉంది గాని, హార్వర్డ్ కాంక్రీటు గ్యాలరీలను జరిపేదెట్లా? రెండేళ్లయినా కాని కట్టడాన్ని పగలగొట్టడానికి ఎవరు ఒప్పుకుంటారు? మైదానం 160 అడుగుల వెడల్పుతోనే మిగిలింది. దానికి బదులు బంతిని ముందుకు విసరడానికి 1906లో అనుమతించారు. ఈ మార్పుకు స్టేడియం ఒక్కటే కారణమనడం అతిశయోక్తి. కాని గోడలు కదలకపోవడం కూడా ఒక ముఖ్య కారణమన్నది వాస్తవం. నేడు అమెరికన్ ఫుట్‌బాల్‌కు ప్రాణం ఆ విసురే.

మన వైపు కాలేజీ గ్రౌండంటే ఒకనాడు క్రికెట్, ఒకనాడు ఎగ్జిబిషన్, ఎన్నికలొస్తే బహిరంగ సభ. హార్వర్డ్ స్టేడియం కథా ఇంచుమించు ఇంతే. 1906లో ఇక్కడ 'అగమెమ్నాన్' అనే ప్రాచీన గ్రీకు నాటకం ప్రదర్శించారు. 1920లో ఒలింపిక్ పరుగు పందేలకు అమెరికా జట్టును ఇక్కడే ఎంపిక చేశారు. 1970లో సొంత స్టేడియం లేని బోస్టన్ పేట్రియట్స్ అనే వృత్తి జట్టు ఒక సీజనంతా ఇక్కడే ఆడింది. అదే ఏడాది ఆగస్టులో గాయని జానిస్ జాప్లిన్ తన చివరి కచేరీ ఇక్కడే చేసింది. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కొన్ని సాకర్ మ్యాచ్‌లూ ఇక్కడే జరిగాయి.

వీటన్నిటి కన్నా చెప్పుకోదగినది 1969 ఏప్రిల్ నాటి ఘటన. వియత్నాం యుద్ధానికి, సైనిక శిక్షణకు వ్యతిరేకంగా విద్యార్థులు పరిపాలనా భవనాన్ని ఆక్రమించగా, పోలీసులు లాఠీలతో ఖాళీ చేయించారు. అటు తరువాత సుమారు 10 వేల మంది ఈ గ్యాలరీలలో కూర్చొని సమ్మె కొనసాగించాలా వద్దా అన్న దానిపై ఓట్లు వేశారు. అంత మంది ఒక్క చోట కూర్చొని వాదించుకోవడానికి విశ్వవిద్యాలయంలో మరో చోటు ఏదీ?

1929లో ఉక్కు గ్యాలరీలు చేర్చి 57 వేల మంది పట్టేలా చేశారు. జనం తగ్గడంతో 1951లో వాటిని తొలగించారు. ఇప్పుడు పట్టేది అంతకన్నా చాలా తక్కువ మంది. మిషిగన్ విశ్వవిద్యాలయం స్టేడియంలోనైతే లక్షా 7 వేల మందికి పైగా కూర్చోవచ్చు. డబ్బు ఎటు ప్రవహిస్తుందో ఈ అంకెలే చెబుతాయి. రాత్రి ఆటలకు దీపాలు సైతం హార్వర్డ్‌లో 2007లో గాని వెలగలేదు.

కాగా, దశాబ్దాలుగా జాతీయ ప్లేఆఫ్ పోటీలకు దూరంగా ఉన్న ఐవీ లీగ్ 2025 సీజను నుంచి వాటిలో పాల్గొనేందుకు అంగీకరించింది. ఆ పోటీలలో ఆటకు స్కాలర్‌షిప్పులు పొందే ఆటగాళ్లతో, అవేవీ లేని హార్వర్డ్ కుర్రాళ్లు తలపడవలసి ఉంటుంది.