ఊరెళ్ళి చెరువు చేసుకుందామనేవారికి

మనవాళ్ళు నలుగురు చేరితే ఈమధ్య మాట తిరిగి తిరిగి అక్కడికే వస్తోంది. "ఈ ఎలుకల పరుగు నావల్ల కాదు బావా! అడవులదీవి పోయి రొయ్యల చెరువు చేసుకుంటా." అనేది రేపల్లె వైపు కుర్రాడు, తలూపేది తెనాలి బావ. పొద్దున్నే మీటింగు లేదు, రేటింగు లేదు, పైన మేనేజరు లేడు. వినడానికి హాయిగానే ఉంటుంది.

వాళ్ళని తప్పుపట్టలేను. హెచ్‌-1బి మీద ఉన్నవాడికి కొలువు పోతే ఇంకోటి వెతుక్కోవడానికి మహా అయితే 60 రోజులు. ఇంటి వాయిదాలు, పిల్లల బడి కళ్ళముందు మెదులుతుంటే జ్వరంలోనూ ల్యాప్‌టాప్ తెరుస్తాడు. అక్కడ దేశంలో పెద్దలు పని గంటలకి వేలంపాట పెట్టారు: 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు వారానికి 70 గంటలన్నారు, 2025 జనవరికి ఎల్ అండ్ టీ సుబ్రహ్మణ్యన్‌గారు పాటను 90కి పెంచారు. ఆమాటకొస్తే మన పరుగు డాలస్‌లో మొదలైంది కాదు. ఇంటర్లో, గుంటూరు విజయవాడ హాస్టళ్ళలో తెల్లారకముందే గంట కొట్టి లేపినప్పుడే మొదలైంది.

సరే, చెరువు సంగతి చూద్దాం. నిజాంపట్నం మండలంలో సముద్రానికి దగ్గరి ఊరు అడవులదీవి. ఆ వైపు రొయ్యల రైతుకి రాత్రే అసలు డ్యూటీ. నీళ్ళలోని నాచు పగలు ఎండకి ఆక్సిజన్ ఇస్తుంది, చీకటి పడ్డాక తనే వాడేసుకుంటుంది. తెల్లవారుజాముకి చెరువులో ఊపిరి అడుగంటుతుంది. నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్ల చక్రాలు ఆగకూడదు. కరెంటు పోతే జనరేటరు వెంటనే అందుకోవాలి. అది మొరాయించిందా, రొయ్యలు పైకి తేలతాయి. "తేలాయి" అని ఫోనొస్తే నెలల మేత, అప్పు చేసి తెచ్చిన డబ్బు నీళ్ళపాలైనట్టే. మధ్యలో మేత వేసిన ప్రతిసారీ చెక్ ట్రే పైకి లాగి, ఎంత తిన్నాయో, పేగు నిండిందో తెల్లబడిందో పట్టి పట్టి చూడాలి. వనామీ రకం రొయ్య పంట మూడు నాలుగు నెలలు. అన్నాళ్ళూ నిద్ర ముక్కలు ముక్కలే. జీతానికి గట్టుమీద కాపలా ఉండే మనిషికైతే ఆ ముక్కలూ అనుమానమే.

ఇది కొత్త కష్టం కూడా కాదు. 1990ల మొదట్లో టైగర్ రొయ్య కోస్తాలో డబ్బు కురిపించింది. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి ఊడ్చుకుపోయింది. 2009 తర్వాత వనామీతో రైతులు మళ్ళీ లేచారు.

పైన మేనేజరు లేడన్నాం కదా, ఉన్నాడు. మన రొయ్యకి పెద్ద గిరాకీ అమెరికాదే. 2025 ఆగస్టులో ఇక్కడ భారత సరుకుమీద సుంకం 50 శాతం చేసేసరికి అక్కడ గట్టుమీద రొయ్య ధర పడింది. నెల తిరక్కుండా సెప్టెంబరులో అదే వాషింగ్టన్ కొత్త హెచ్‌-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుం పెట్టింది. ఒక ఇంట్లో అన్న చెరువు చేస్తూ, తమ్ముడు వీసాకోసం ఎదురుచూస్తుంటే ఆ రెండు దెబ్బలూ ఆ గడపకే. ఈ సంచిక చదివే కొందరి ఫ్రీజర్లో రొయ్యల సంచీ ఉండే ఉంటుంది. దాని వెనకాల ఎవరో మేలుకున్న రాత్రులున్నాయి.

అందుకే ఊరిని అలసట తీర్చుకునే సత్రంలా మాట్లాడటం నాకు మింగుడు పడదు. అలా అని వెళ్ళొద్దనను. లీజు రాసుకునే ముందు మాత్రం ఒక పని చేయండి. ఈసారి సెలవుల్లో పెళ్ళిళ్ళు, చీరల షాపింగూ కాస్త తగ్గించి, మేనమామో బాబాయో చెరువు చేస్తుంటే ఆయన గట్టుమీద ఓ వారం రాత్రులు పడుకోండి. జనరేటరు ఎలా తిప్పాలో నేర్చుకోండి. మేత కొట్లో బాకీ ఎంతుందో అడగండి. చెప్పరు, అయినా అడగండి. తిరిగొచ్చాక కూడా చెరువే కావాలనిపిస్తే ఆ సంగతులు మాకు రాసి పంపండి, సంక్రాంతి సంచికలో వేస్తాం.